గ్లెనిస్ చేతికొచ్చిన చుక్కాని

గ్లెనిస్ హ్యూమ్‌కి కుడి ఎడమలు తెలియవన్న సంగతి ఇంగ్లండులోని స్టోక్ పట్నం పేట స్మాల్‌థార్న్‌లో ఆవిడ ఉండే వీధి వీధంతటికీ తెలుసు. ఎవరైనా కొత్తవాళ్ళు దారి అడిగితే ఆవిడ చెప్పేలోపు పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆవిడ నోరు మూసేవాళ్ళు.

పాపం, తప్పు ఆవిడది కాదు. పుట్టుకతో ఎడమచేతి వాటం. చిన్నప్పుడు బళ్ళో పంతులమ్మ ఆ చేతిని నడుం వెనక్కి కట్టించి, బలవంతాన కుడిచేత్తో రాయించింది. అప్పుడు ఆ పిల్ల బుర్రలో ఏ తీగ ఏ తీగకి చుట్టుకుందో గానీ, ఆ తర్వాత ఎవరు "కుడి" అన్నా ఒళ్ళు ఎడమకి తిరిగేది. "ఎడమ" అంటే కుడికి. కంగారు పెడితే ఇంకా ఖచ్చితంగా తిరిగేది.

పదిహేనో ఏట పింగాణీ కార్ఖానాలో చేరింది. కప్పులకు పిడులు అంటించే పని. పచ్చి మట్టి కప్పు ఎడమచేతికి అలవోకగా లొంగింది కాబట్టి అక్కడ ఎవరూ ఆ చేతి జోలికి రాలేదు. నలభై అయిదేళ్ళు అదే బల్ల, అదే ముక్కాలి పీట. కానీ కార్ఖానా గేటు దాటితే మళ్ళీ కష్టాలే. కారు నడిపే పరీక్షకి ఏడుసార్లు వెళ్ళి ఏడుసార్లూ తప్పింది. నాలుగోసారి పరీక్ష పెట్టిన పెద్దమనిషి నడిరోడ్డు మీద దిగిపోయి, "నేను నడిచి పోతానమ్మా, నాకు పెళ్ళాం పిల్లలున్నారు" అన్నాడు. మొగుడు క్లైవ్ బస్సు డ్రైవరు. ఓసారి సెలవులకి కారులో తూర్పు సముద్రానికని బయల్దేరి, పక్కన కూర్చున్న పెళ్ళాం మ్యాపు చూసి చెప్పిన దారిన పోయి పోయి పడమటనున్న వేల్స్ కొండల్లో తేలాడు. ఆ బంగారంలాంటి మనిషి "సముద్రం ఎటు పోతుందిలే, ఇక్కడ గొర్రెలు బాగున్నాయి" అని అక్కడే గుడారం వేశాడు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఇంట్లో ఆవిడ, గోధుమరంగు బొచ్చుకుక్క గ్రేవీ, అంతే.

ఆవిడకి అరవై నిండి పని మానేసిన వారానికి, కార్ఖానాలో పక్క బల్ల మీద అంతకాలమూ పనిచేసిన స్నేహితురాలు పాలిన్ ఇంటికొచ్చి ప్రకటించింది. "శనివారం కాలువ మీద పడవ మాట్లాడాను. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా. నువ్వు, నేను, మా ఆయన రెజ్, థెల్మా. కుక్కల్ని కూడా రానిస్తారట."

"పడవ ఎవరు నడుపుతారే?"

"రెజ్. టోపీ కూడా కొనుక్కున్నాడు."

"నేను?"

"నువ్వు టీ చూసుకో, బాతూ."

బాతు అంటే తిట్టు కాదు. స్టోక్‌లో ఆడా మగా, పిల్లా పెద్దా అందరూ ఒకళ్ళనొకళ్ళు అలాగే పిలుచుకుంటారు, మనం అమ్మా, నాయనా అన్నట్టు.

శనివారం పొద్దున ఎండ ఎలా కాసిందంటే, జూన్ నెల మీద జనానికున్న అనుమానాలన్నీ ఆ ఒక్క పూటతో తీరిపోయాయి. ఎండన్ అనే పల్లె దగ్గర పడవల రేవులో నలుగురూ, మూడు కుక్కలూ దిగారు. పాలిన్ వాళ్ళది బారన్. ఒకప్పుడు పందేల్లో పరుగెత్తిన పొడుగుకాళ్ళ కుక్క, ఇప్పుడు సోఫా దిగమంటే ఆలోచిస్తుంది. థెల్మాది పగ్ కుక్క, పేరు సూసన్. థెల్మా కార్ఖానాలో కప్పుల మీద పూలు దిద్దిన మనిషి, డెబ్భైతొమ్మిదేళ్ళు, చెవులు సగం పనిచేస్తాయి, నోరు పూర్తిగా పనిచేస్తుంది.

పడవ నలభై అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ఆకుపచ్చ రంగు వేసిన ఇనప సందు నీళ్ళ మీద తేలుతున్నట్టుంది. రేవు నడిపే ఆవిడ పేరు హిల్డా ఫెర్న్. మోచేతుల దాకా ఇంజను నూనె పూసుకుని, నలుగుర్నీ వెనక తట్టు నిలబెట్టి పాఠం చెప్పింది.

"ఇది చుక్కాని కర్ర. ఎటు తోస్తే పడవ దానికి ఎదురు వైపు తిరుగుతుంది. కారులాగా అనుకున్నారో, చెట్లలో ఉంటారు. ఇది లివరు. ముందుకి తోస్తే ముందుకి, వెనక్కి లాగితే వెనక్కి, మధ్యలో పెడితే కింద ఫ్యాను ఆగుతుంది. ఎవరైనా నీళ్ళలో పడ్డారో, ముందు ఇది మధ్యకి లాగాలి. కేకలు తర్వాత వేసుకోవచ్చు. ఎదురు పడవ వస్తే మీరు కుడివైపు తప్పుకోండి. అర్థమైందా?"

"ఓ, నాకు తెలుసులెండి" అన్నాడు రెజ్. ఆయన అప్పటికి అద్దంలో టోపీ సర్దుకుంటున్నాడు. తెల్లటి టోపీ, ముందు బంగారు రంగు లంగరు. ముప్ఫయ్యేళ్ళు పోస్టాఫీసు కౌంటరులో కూర్చున్న మనిషికి ఆ టోపీ పెట్టగానే గొంతు కూడా మారింది.

పాఠం విన్నది గ్లెనిస్ ఒక్కతే. అదీ పనికొస్తుందని కాదు. ఎవరైనా ఏదైనా చెబుతుంటే వినకపోతే బాగుండదని.

మొదటి గంటలో పడవ ఎడమ గట్టుకి మూడుసార్లు, కుడి గట్టుకి రెండుసార్లు ముద్దు పెట్టింది. రెజ్ ప్రతిసారీ "గాలి!" అన్నాడు. చెట్టు మీద ఆకు కదలడం లేదు. ఆ తర్వాత పాలిన్ "ఇలా ఇవ్వు, నీ మొహం" అని కర్ర లాక్కుని, పడవని తిన్నగా తీసుకెళ్ళి ముళ్ళపొదలో దూర్చింది. ముందు తట్టున కూర్చున్న థెల్మా కొప్పులో కొమ్మ ఒకటి ఇరుక్కుంది. "పూలు ఉన్న వైపుకి తీసుకెళ్ళు పిల్లా, ఈసారి" అంది థెల్మా, ఏమీ జరగనట్టు. సూసన్ మాత్రం తుమ్ముతూనే ఉంది.

"నేనోసారి పట్టుకుని చూడనా?" అని గ్లెనిస్ మెల్లగా అడిగింది.

భార్యాభర్తలిద్దరూ ఒక్క గొంతుతో "వద్దు!" అన్నారు. ఏడాదిలో వాళ్ళిద్దరూ ఏకీభవించిన మొదటి విషయం అదే.

ఆవిడ నొచ్చుకోలేదు. లోపల స్టవ్వు మీద ఓట్సు అట్లు వేడిచేసి, చీజు కరిగించి, వేయించిన పంది మాంసం ముక్కలు పెట్టి చుట్టి, నాలుగు పళ్ళేల్లో సర్దింది. టీ కలిపింది. పళ్ళెం ఒక చేత్తో, కప్పు ఒక చేత్తో పట్టుకుని వెనక మెట్లెక్కి, మళ్ళీ కర్ర పుచ్చుకున్న రెజ్ దగ్గరికొచ్చింది. సరిగ్గా అప్పుడు, ముందు తట్టున నిద్రపోతున్న బారన్ కళ్ళు తెరిచింది.

గట్టు మీద ఒక నారాయణ పక్షి, ఒంటికాలి మీద, తపస్సులో ఉంది. బారన్ ఆ పక్షిని చూసింది. పక్షి బారన్‌ని చూసింది. అయిదేళ్ళుగా సోఫా దిగని కుక్క వెనక కాళ్ళ మీద లేచి, ఒక్క గెంతు గెంతింది. గెంతు గొప్పదే. కాలువే నాలుగడుగులు ఎక్కువైంది. దబ్బున నీళ్ళలో పడింది.

"బారన్!" అని రెజ్ కర్ర వదిలేసి, పడవ పక్కన జానెడు అంచు మీద ముందుకి పరుగు తీశాడు. జానెడు అంచు నడవడానికి కూడా చాలదు. సగం దూరం వెళ్ళేసరికి కాలు జారింది. ఒక క్షణం టోపీ, మనిషి రెండూ గాల్లో ఉన్నాయి. తర్వాత రెండూ నీళ్ళలో, వేర్వేరు చోట్ల.

గ్లెనిస్ చేతిలో పళ్ళెం, కప్పు కింద పెట్టి, లివరు మధ్యకి లాగింది. ఫ్యాను ఆగింది. అప్పుడు మాత్రమే కేక వేసింది.

కుక్క ఈలోగా గట్టెక్కి ఒళ్ళు దులుపుకుంటోంది. రెజ్ మాత్రం చేతులు కొట్టుకుంటూ "మునిగిపోతున్నా! పాలిన్! నాకు ఈత రాదు! తేలే చక్రం వెయ్యండి!" అని అరుస్తున్నాడు.

పాలిన్ ముందు తట్టుకి పరుగెత్తుకొచ్చి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుంది. "లేచి నిలబడవయ్యా!"

"ఏంటీ?"

"నిలబడు!"

రెజ్ నిలబడ్డాడు. నీళ్ళు బొడ్డు దాకా వచ్చాయి. తర్వాత థెల్మా, "చక్రం అడిగాడు కదా, పాపం" అని చేతికందింది విసిరింది. అది అల్లం కేకు డబ్బా. రెజ్ దాన్ని పట్టుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలియదు. డబ్బాతోనే బురదలో ఈడ్చుకుంటూ గట్టెక్కి, కుక్క పక్కన నిలబడి వణికాడు.

నవ్వు మొదలైంది. పాలిన్ నవ్వుతూ నవ్వుతూ పడవ కప్పు పట్టుకుని కూలబడింది. గ్లెనిస్ కళ్ళు తుడుచుకుంటూ తలెత్తి చూసేసరికి నవ్వు ఆగిపోయింది.

ఎదురుగా పెద్ద నీలం పడవ వస్తోంది. తమ పడవ కాలువకి అడ్డంగా, తాపీగా, ఎవరూ చెప్పకుండానే తిరుగుతోంది.

"కర్ర పట్టుకో!" అని పాలిన్ అరిచింది. ఆవిడ నలభై అడుగుల అవతల, ముందు తట్టున ఉంది, వెనక్కి వచ్చేంత వ్యవధి లేదు. "గ్లెనిస్! కర్ర! ఇంజను!"

గ్లెనిస్ లివరు కాస్త ముందుకి తోసింది. చుక్కాని కర్ర చేతిలోకి వచ్చింది. ఇత్తడిది, వెచ్చగా, సన్నగా వణుకుతూ.

"కుడికే! కుడికి తిప్పు! కుడికి!"

కుడికి అన్నారు. కంగారు పడింది. కంగారు పడితే ఒళ్ళు ఏం చేస్తుందో అదే చేసింది. ఆవిడ కర్రని ఎడమకి నెట్టింది.

నలభై అడుగుల ఇనప పడవ ముక్కు, వెన్నలో కత్తిలాగా, కుడికి తిరిగింది.

"ఇప్పుడు తిన్నగా! కొంచెం ఎడమకి!"

కర్ర కుడికి పోయింది. ముక్కు ఎడమకొచ్చి, తిన్నగా నిలిచింది. నీలం పడవ పక్కనుంచి జరిగిపోతుంటే రెంటికీ మధ్య సందులో ఒక బాతు, దాని అయిదు పిల్లలూ, ఏ తొందరా లేకుండా ఈదుకుంటూ పోయాయి. నీలం పడవ మీది గడ్డం ముసలాయన నోట్లోంచి పైపు తీశాడు.

"చక్కగా నడుపుతున్నావు, బాతూ. ఎన్నేళ్ళ అనుభవం?"

"నిమిషం" అంది గ్లెనిస్.

ఆయన పెద్దగా నవ్వాడు, ఏదో వేళాకోళం అనుకుని.

పాలిన్ నోరు తెరుచుకుని చూస్తోంది. "అదెలా చేశావే?"

"ఏమో. నువ్వు చెప్పినట్టే చేశాను."

"నువ్వు జన్మలో నేను చెప్పినట్టు చెయ్యలేదు!"

"ఇప్పుడూ చెయ్యలేదనుకుంటా." గ్లెనిస్‌కి అప్పుడు తట్టింది. తట్టగానే కర్రని అరచేత్తో చరిచింది. "పాలిన్, ఇది తిరగేసి పుట్టింది! ఇది కూడా నాలాగే తిరగేసి పుట్టింది!"

ముందు వంతెన కనపడింది. పాత రాతి వంతెన, కింద పడవకి సరిపడా కన్నం, అటూ ఇటూ బెత్తెడే జాగా. రెజ్ గట్టు మీద పడవతో సమానంగా నడుస్తున్నాడు. బూట్లలోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. చంకలో కేకు డబ్బా.

"వంతెన దగ్గర గట్టుకి ఆనించు, నేనెక్కేస్తా! నెమ్మది! కుడికి కొట్టు! కాదు ఎడమకి! అసలు కర్ర వదిలెయ్యి!"

గ్లెనిస్ వినలేదు. ఆవిడ చూపంతా ఆ కన్నం మీద ఉంది. నలభై అయిదేళ్ళు తడి మట్టి పిడిని కప్పు మీద సరిగ్గా ఎక్కడ ఆనాలో అక్కడే ఆనించిన కళ్ళు అవి, వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే పట్టుకునే కళ్ళు. పడవ వంతెన కింద నుంచి, ఏ వైపూ తగలకుండా, దారం సూదిలోంచి జారినట్టు జారిపోయింది.

"ఆపలేదేం?" అని గట్టు మీంచి రెజ్.

"మర్చిపోయాను రెజ్! వచ్చే వంతెన దగ్గర!"

వచ్చే వంతెన దగ్గర కూడా మర్చిపోయింది. దాని తర్వాత దాని దగ్గర పాలినే "ఆపకే. నడిస్తే బట్టలు ఆరతాయి. ఎక్కాడంటే మళ్ళీ కర్ర అడుగుతాడు" అంది. థెల్మా జాలిపడి తన వానకోటు విసిరింది. గులాబీ రంగు మీద పెద్ద పెద్ద పొద్దుతిరుగుడు పూలు. రెజ్ కాసేపు పౌరుషంగా వణికి, తర్వాత తొడుక్కున్నాడు. ఎదురొచ్చిన నడకవాళ్ళంతా పలకరించారు. "బాగుంది కోటు!" అని ఒకరు. "నడుం దగ్గర కాస్త కుట్టించుకో బాతూ" అని ఇంకొకరు. బారన్ అపరిచితుడిలా పదడుగులు దూరంగా నడిచింది. టోపీ మాత్రం పడవ వెనకాలే, లంగరుతో సహా, అరమైలు తేలుతూ వచ్చింది. చివరికి పాలిన్ పొడుగు కర్రకి కొక్కెం పెట్టి దాన్ని లాగి, నీళ్ళు పిండి, నేరుగా తీసుకెళ్ళి గ్లెనిస్ నెత్తిన పెట్టింది.

"ఛీ, చల్లగా ఉందే!"

"నోర్మూసుకుని నడుపు, కెప్టెన్!"

గ్లెనిస్ నడిపింది. ఎర్రమట్టి గట్లు, మేస్తున్న ఆవులు, కిటికీలోంచి చెయ్యి ఊపే ముసలమ్మ, అన్నీ గంటకు మూడు మైళ్ళ వేగంతో ఆవిడ ముందు నుంచి సాగిపోతున్నాయి. ప్రతి మలుపులోనూ ఆవిడ ఒళ్ళు తనంతట తాను చేసేది చేస్తే చాలు. అరవై ఏళ్ళుగా లోకం ఒక పక్కకి, తను ఒక పక్కకి. ఈ పూట రెండూ ఒక పక్కకే తిరుగుతున్నాయి. గ్రేవీ ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, ఎవరూ తినకుండా మిగిలిన రెజ్ అట్టు పూర్తిచేసింది.

సొరంగం వచ్చింది. చిన్నదే, కొండ కింద నూటముప్ఫై గజాలు. కానీ లోపల చిమ్మచీకటి. అవతల కొసన వెలుతురు నాణెమంత కనిపిస్తోంది.

"నాకు భయమేస్తోంది" అంది పాలిన్. కార్ఖానాలో ఫోర్‌మన్‌ని ఏడిపించిన మనిషి.

"పాట పాడండి" అంది గ్లెనిస్.

థెల్మా అందుకుంది. అది బొగ్గుగనుల వాళ్ళు తాగినప్పుడు పాడుకునే పాట. అందులో ఒక్క మాటా గుడిలో అనదగ్గది కాదు. సొరంగం గోడలు ఆ మాటల్ని పట్టుకుని పదింతలు చేసి వెనక్కిచ్చాయి. సూసన్ మోర ఎత్తి ఊళ పెట్టింది. గ్రేవీ అందుకుంది. పాలిన్ భయం మర్చిపోయి చరణం ఎత్తుకుంది. పైనుంచి చల్లటి చుక్కలు మెడ మీద పడుతుంటే గ్లెనిస్ కెవ్వుమంటూ, నవ్వుతూ, ఆ నాణెం మీంచి చూపు తిప్పకుండా పడవని నడిపించింది. అవతల వెలుగులోకి వచ్చేసరికి ముగ్గురి మొహాలూ కన్నీళ్ళతో తడిసి, పౌడరు చారలు కట్టి ఉన్నాయి. కొండ మీద దారంట వచ్చిన రెజ్ అక్కడ ముందే నిలబడి ఉన్నాడు, పొద్దుతిరుగుడు కోటుతో.

"లోపల ఎవర్నో చంపుతున్నారనుకున్నా" అన్నాడు.

అక్కడ కాలువ కాస్త వెడల్పు. పడవ తిప్పాల్సింది అక్కడే. గ్లెనిస్ ముక్కుని ఒక మూలకి ఆనించి, లివరు ముందుకీ వెనక్కీ ఆడిస్తూ, కర్రని ఒళ్ళు చెప్పిన వైపుకి తోస్తూ, నలభై అడుగుల పడవని అట్టు తిరగేసినట్టు తిరగేసింది. రెజ్ గట్టు మీంచి ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. అంతా అయ్యాక నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు.

"గ్లెనిస్, ఇప్పుడెక్కచ్చా?"

"ఎక్కు రెజ్. కేకు తెచ్చావా?"

డబ్బా మూత తీశాడు. గట్టి డబ్బా, చుక్క నీళ్ళు పోలేదు. నలుగురూ, మూడు కుక్కలూ ఒక్క ముక్క మిగల్చలేదు. తిరుగు దారిలో రెజ్ లోపల కూర్చుని టీ కాచాడు. బాగా కాచాడు కూడా. "ఈ టీ పని నాకు అచ్చొచ్చేలా ఉంది" అన్నాడు, కప్పు పిడి కేసి చూసి. "ఇది నువ్వు అంటించిందేనా?"

గ్లెనిస్ కప్పుని తిప్పి చూసింది. "నాది కాదు. కాస్త వంకరగా ఉంది."

సాయంత్రం అయిదుకి పది నిమిషాల ముందు పడవ రేవులోకొచ్చింది. ఆ వేళకి రేవు పడవలతో కిక్కిరిసి ఉంది. మిగిలింది ఒక్కటే ఖాళీ, పడవ కంటే మూరెడు ఎక్కువ. హిల్డా ఫెర్న్ నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, పొద్దున చూసిన తెల్లటోపీ మనిషిని తలుచుకుని, గోడ రాళ్ళకి ఏమవుతుందోనని కొసకంటా పరుగెత్తుకొచ్చింది. పడవ వచ్చి, ఆగి, చప్పుడు లేకుండా గోడ పక్కన ఒదిగింది. తాడు విసిరే దూరం కూడా లేదు, చేతికే అందించారు.

"ఎవరు నడిపింది?"

ముగ్గురూ గ్లెనిస్‌ని చూపించారు. ఆవిడ తడిసి ముద్దైన టోపీ తీసి దాచబోయింది.

"గురువారాలు ఏం చేస్తుంటావు?" అని హిల్డా అడిగింది. "పెద్దవాళ్ళ ఆశ్రమం నుంచి పన్నెండు మందిని తీసుకెళ్ళే పడవ ఒకటుంది. నడిపేవాళ్ళు లేక రేవులోనే నాచు పట్టిపోతోంది. శిక్షణ మేమే ఇస్తాం. జీతం లేదు గానీ..."

"వస్తాను" అంది గ్లెనిస్.

"ఇంకా పూర్తిగా చెప్పలేదు."

"పూర్తిగా చెప్పేలోపు మనసు మార్చుకుంటారేమోనని."

శిక్షణకి మూడు శనివారాలు పట్టింది. చివర్లో పరీక్ష. ఆ రోజు పాలిన్ ఒక సీసా, థెల్మా చేతి రుమాళ్ళ దొంతర పట్టుకుని రేవు గట్టు మీద కూర్చున్నారు, ఏది అవసరమైతే అది వాడదామని. సీసాయే వాడారు.

సెప్టెంబరులో మొదటి గురువారం. పడవలో పన్నెండుమంది, మోకాళ్ళ మీద దుప్పట్లు. చిల్లర పనులకి రెజ్, గీతల చొక్కాలో, టీ కెటిలుతో. గ్లెనిస్ కర్ర దగ్గర నిలబడి, గట్టు వదిలి, మొదటి మలుపు తిప్పింది. వెనక బెంచీ మీద ఒక చిన్న ముసలమ్మ కూర్చుంది. తొంభై రెండేళ్ళు, పేరు ఇథెలిండ. పిట్టంత మనిషి, నెత్తిన ఊలు టోపీ. చాలాసేపు నీళ్ళకేసి చూసి, తర్వాత గ్లెనిస్ చెయ్యి గోకింది.

"ఏం బాతూ, చలేస్తోందా?" అని గ్లెనిస్ వంగి అడిగింది.

"లేదు. ఇది ఇంతకంటే జోరుగా పోదా?"

గ్లెనిస్ అటూ ఇటూ చూసింది. కాలువ మీద ఎదురు ఎవరూ లేరు. జోరుకి లేచే అలలకి ఊగిపోవడానికి గట్టున కట్టేసిన పడవలు కూడా లేవు.

"టోపీలు పట్టుకోండి!" అని కేకేసి, లివరు ముందుకి తోసింది.